కాకినాడ ఒడ్డున బార్జి ర్యాంపు కట్టిన వైనం: ఒక కేస్ స్టడీ

బార్జి (సరుకు మోసే బల్లపరుపు పడవ) నుంచి సరుకు దించే ర్యాంపు డ్రాయింగు ఎవరి చేతికిచ్చినా ముందు పైళ్ళు, అంటే నేలలోకి లోతుగా దించే స్తంభాలు, లెక్కపెడతారు. ఎన్ని పైళ్ళు, ఎంత లోతు, మీటరుకి రేటెంత. నేను చూసినంతలో ఇలాంటి పని పైళ్ళ వల్ల చెడిపోవడం తక్కువ. చెడగొట్టేవి రెండే. ర్యాంపు పై అంచు ఏ ఎత్తున పెట్టారన్నది ఒకటి, ర్యాంపు వెనకాల నేల ఎంత బరువు మోస్తుందన్నది రెండోది. ఈ రెండూ కాగితం మీద చిన్న అంకెలే, అందుకే మీటింగుల్లో వాటి గురించి ఐదు నిమిషాలు కూడా మాట్లాడరు. కాకినాడకి ఉత్తరాన, వాకలపూడి వైపు పారిశ్రామిక తీరంలో ఒక ఫ్యాక్టరీకి మేం కట్టిన ర్యాంపు గురించి రాస్తున్నాను. కంపెనీ పేరు, కాంట్రాక్టర్ల పేర్లు రాయను. ఇలాంటి పని చేయబోయే కుర్ర ఇంజనీర్లకి పనికొస్తుందని లెక్కలతో సహా రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అసలు ర్యాంపు ఎందుకంటే

ఫ్యాక్టరీ విస్తరణకి ఒక భారీ పాత్ర (వెసెల్) రావాలి, సుమారు 400 టన్నులు. పడమటి తీరంలో తయారైంది. రోడ్డు మీద తీసుకురావడం జరిగే పని కాదు. గోదావరి జిల్లాల్లో అడుగడుగునా కాలువ, కాలువ కాలువకీ వంతెన, ఆ వంతెనల్లో చాలావాటికి ఇసక లారీలే ఎక్కువ. పోనీ పోర్టులో దించి అక్కణ్ణుంచి తెద్దామంటే దూరం తక్కువే గానీ మలుపులు, కరెంటు తీగలు, రైల్వే గేటు. ఒక్కో తీగ దించడానికి ఒక్కో పర్మిషన్. అదీగాక ఒకటి వచ్చి ఊరుకోదు, ముందు ముందు ఇంకా వస్తాయి. కాబట్టి ఫ్యాక్టరీ గోడకి ఎదురుగానే ఒడ్డున దించుకుందాం అన్నారు.

దించే పద్ధతి ఇది. బల్లపరుపు బార్జి మీద ఎస్‌పీఎంటీ అనే మల్టీ యాక్సిల్ ట్రైలరు ఎక్కి ఉంటుంది, దాని మీద సరుకు. ట్రైలరు ఇరుసులు హైడ్రాలిక్, ఒక్కోటి 60 సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడుతుంది. బార్జి వెనక భాగాన్ని ర్యాంపు ముఖానికి ఆనించి కట్టేసి, మధ్యలో ఉక్కు పలకలు వేసి, ట్రైలరుని నడిపించి నేల మీదికి తెస్తారు. వినడానికి ఇంతే.

బరువు లెక్క: సరుకు 400, కింద వేసే సాడిల్స్, బీములు 25, 24 ఇరుసుల ట్రైలరు ఒక 100. మొత్తం 525 టన్నులు. ఇరుసుకి 22 టన్నులు. ఒక్కో ఇరుసు కింద నేల 1.4 మీటర్లు పొడవు, 2.43 మీటర్లు వెడల్పు అనుకుంటే చదరపు మీటరుకి ఆరున్నర టన్నులు పడుతుంది. మేం డెక్కుని, అంటే ర్యాంపు పై కాంక్రీటు తలాన్ని, చదరపు మీటరుకి 10 టన్నులకి డిజైన్ చేశాం. ఈ ఆరున్నర అన్న అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ దీనితో పని ఉంది.

ఈ సముద్రం తీరు

కాకినాడకి బార్జి కొత్త కాదు. ఇక్కడి యాంకరేజి పోర్టులో పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుంటాయి, ఒడ్డు నుంచి బియ్యం బార్జిల్లో వెళ్ళి ఓడలోకి ఎక్కుతుంది. డీప్ వాటర్ పోర్టు 1997లో వచ్చినా ఆ పద్ధతి ఆగలేదు. దీనికంతటికీ ఆధారం హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చి పోసిన ఇసకతో, ఒండ్రుతో గత రెండొందల ఏళ్ళలో పెరిగిన దిబ్బ అది, దక్షిణం నుంచి వచ్చే అలల్ని ఆపేస్తుంది. అదే కాస్త ఉత్తరానికి పోయి ఉప్పాడ దగ్గర చూస్తే ఆ నీడ ఉండదు. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో కాకినాడ వాళ్ళని అడిగితే చెబుతారు, ఊళ్ళో ఇళ్ళు కూడా పోయాయి. మా సైటు ఈ రెంటికీ మధ్యలో ఉంది. దక్షిణపు అలల నుంచి కొంత రక్షణ, తూర్పు ఈశాన్యపు గాలికి మాత్రం పూర్తిగా ఎదురు.

ఉప్పాడ సంగతి ఊరికే ఎత్తలేదు. ఒడ్డు వెంట ఇసక నడుస్తూ ఉంటుంది, మన తీరంలో ఏడాది మొత్తం మీద ఎక్కువగా ఉత్తరం వైపుకే. అడ్డంగా రాతి కట్ట వేసి సముద్రంలోకి పొడిస్తే దక్షిణం పక్క ఇసక మేట వేస్తుంది, ఉత్తరం పక్క కోసుకుపోతుంది. ఇప్పటికే కోతతో అల్లాడుతున్న తీరానికి ఎగువన నిలబడి ఆ పని చేయకూడదు. మొదటి డ్రాయింగులో ఉన్నది రాతి కట్టే, చవక కూడా. మేం గట్టిగా పట్టుబట్టి దాన్ని ఒడ్డు దాటకుండా ఆపించి, అక్కణ్ణుంచి ముందుకి పైళ్ళ మీద డెక్కు పెట్టించాం, కింద నుంచి నీరూ ఇసకా పోయేలా. ఖర్చు పెరిగింది. సీఆర్‌జెడ్ (తీరప్రాంత నిర్మాణాల నియంత్రణ) అనుమతికి వెళ్ళినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే, కాబట్టి ఆ ఖర్చు అక్కడే కలిసొచ్చింది అనొచ్చు, కానీ అనుమతి అడగకపోయినా అలాగే కట్టాలి.

నీటి మట్టం సంగతి. ఇక్కడ రోజుకి రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). అమావాస్య పౌర్ణములకి తేడా సుమారు మీటరున్నర లోపు. గుజరాత్‌లో, బెంగాల్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు ఇది చూసి "ఇంతేనా" అంటారు. తేడా తక్కువ కాబట్టి సులువు అనుకోవద్దు. తక్కువ కాబట్టే పోటు మనకి చేసే సాయం కూడా తక్కువ, ఎత్తు పది సెంటీమీటర్లు తప్పు పెట్టినా తెలుస్తుంది. ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: మన తీరంలో సగటు సముద్ర మట్టమే ఏడాది పొడవునా ఒకలా ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో పైన ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లో కిందికి దిగుతుంది. ఒక అడుగు తేడా మామూలే. నవంబరులో కొలిచిన పోటు చూసుకుని మార్చిలో బార్జి రప్పిస్తే ఆ అడుగు ఎక్కడ పోయిందా అని వెతుక్కోవాలి. అందుకే సర్వే ఆఫ్ ఇండియా టైడ్ టేబుల్స్ చేతిలో ఉన్నా, సొంతంగా ఒక టైడ్ గేజి (నీటి మట్టం కొలిచే పరికరం) పెట్టి ఏడాది పైగా రికార్డు తీశాం.

ఎత్తు ఎంత?

బార్జి 82 మీటర్ల పొడవు, 24 వెడల్పు, 5 లోతు. బార్జి నిలవడానికి ర్యాంపు ముందు సముద్రంలో తవ్వే గుంట చార్ట్ డేటం కింద 3 మీటర్లు. డేటం అంటే లోతులూ ఎత్తులూ కొలిచే ఆధార మట్టం, దాదాపు అతి తక్కువ పాటు మట్టం. పాటు సమయంలో కూడా అడుగున అర మీటరు ఖాళీ ఉండాలంటే బార్జి 2.4 మీటర్లకి మించి మునగకూడదు. బలాస్ట్ (బరువు కోసం బార్జి ట్యాంకుల్లో నింపే నీళ్ళు) తీసేసి మరీ తేలిక చేస్తే గాలికి నిలవదు, కాబట్టి 1.6 కంటే తక్కువ మునగకూడదు. అంటే నీటి పైన కనిపించే గోడ 2.6 నుంచి 3.4 మధ్య ఉంటుంది. ఈ 80 సెంటీమీటర్లే మన చేతిలో ఉన్నది.

యాజమాన్యం వైపు నుంచి వచ్చిన సూచన ర్యాంపు అంచుని డేటం పైన 4.5 మీటర్లకి పెట్టమని. కారణం తుఫాను ఉప్పెన. 1996 నవంబరు 6 తుఫాను ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ లెక్క చూడండి. 4.5 పెడితే, మార్చిలో 1.0 మీటరు పోటు రోజున గోడ 3.5 కావాలి, మన పరిధి దాటిపోయింది. నీరు 0.3కి దిగితే 4.2 కావాలి, అంటే బార్జి 80 సెంటీమీటర్లే మునిగి తేలాలి, అది ఆ బరువుతో జరగదు. 3.9 పెడితే 1.3 పోటుకి 2.6 గోడ, 0.9కి 3.0, 0.6కి 3.3. అన్నీ మన చేతిలోవే.

ఉప్పెనకి ఎత్తు పెంచడం కాదు మందు, నీరు ఎక్కినా దిగిపోయేలా కట్టడం. ర్యాంపు మీద మోటార్లు లేవు, ప్యానళ్ళు లేవు, వట్టి కాంక్రీటు, తాళ్ళు కట్టే బొల్లార్డులు. మునిగినా నష్టం లేదు. వెనకాల ఫ్యాక్టరీకి ఎత్తైన గేటు గోడ వేరేగా కట్టాం, బార్జి వచ్చినప్పుడు తీసే స్టీలు తలుపులతో. 3.9 ఖరారు కావడానికి ఎన్ని మీటింగులు పట్టాయో చెప్పను గానీ, మొత్తం ప్రాజెక్టులో అంతకంటే విలువైన పని ఇంకోటి జరగలేదని ఇప్పటికీ నమ్ముతాను.

ఇక దిశ. డ్రాయింగులో ర్యాంపు ముఖం ఒడ్డుకి సమాంతరంగా ఉంది, చూడ్డానికి చక్కగా. యాంకరేజి పోర్టులో ఏళ్ళ తరబడి బార్జి నడిపిన ఒక సారంగుని సలహాకి పిలిపించాం, అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. డ్రాయింగు నేల మీద పరిచి చూపిస్తే ఆయన చేతి కర్రని కాగితం మీద ఏటవాలుగా పెట్టి, "ఇలా తిప్పండి బాబూ. తూరుపు ఈశాన్యం గాలి పడిందంటే మీ బార్జి అడ్డంగా ఊగుతాది. పొడుగునా ఊగితే మోకులు ఆపుతాయండి, అడ్డంగా ఊగితే ఏ మోకూ ఆపదు" అన్నారు. వేవ్ స్టడీ రిపోర్టు అప్పటికే చేతిలో ఉంది, అందులో అలల దిశ, ఎత్తు అన్నీ ఉన్నాయి. దాన్ని బార్జికి అన్వయించి చూసింది ఆయన. ముఖాన్ని 20 డిగ్రీలకి కాస్త పైగా తిప్పాం, బార్జి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా. డాల్ఫిన్ల (బార్జిని ఆనించి కట్టడానికి నీళ్ళలో విడిగా వేసే దిమ్మల) స్థానాలు, బొల్లార్డుల కోణాలు అన్నీ మారాయి. తిప్పినందుకు ఖర్చు పెద్దగా పెరగలేదు, ఎందుకంటే అప్పటికి ఒక్క పైలు కూడా వేయలేదు. ఇలాంటి సలహా అడగాల్సింది పైళ్ళు వేయకముందే.

వెనకాల నేల

పైన రెండు మూడు మీటర్లు ఇసక. దాని కింద 9 మీటర్ల మెత్తటి సముద్రపు బంకమట్టి. బోర్ వేసేటప్పుడు ఎస్‌పీటీ (నేల గట్టితనం చూడ్డానికి సుత్తితో కొట్టి దించే) గొట్టం సుత్తి బరువుకే దిగిపోయింది, దెబ్బలు లెక్కపెట్టే పని లేకుండా. శాంపిల్ గొట్టంలోంచి బయటికి తీస్తే నల్లగా, వేలితో నొక్కితే వేలు దిగేలా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంది. దాని కోత బలం (జారిపోకుండా నిలిచే బలం) చదరపు మీటరుకి ఒక టన్ను. మెత్తటి బంకమట్టి మోసే గరిష్ఠ బరువు దాని కోత బలానికి సుమారు 5 రెట్లు. అంటే చదరపు మీటరుకి 5 టన్నుల కాస్త పైన. మన ట్రైలరు వేసేది ఆరున్నర. పై ఇసక కొంత పంచుతుంది గానీ, దాన్ని నమ్ముకుని 400 టన్నుల సరుకుని నడిపించలేం. మట్టి కట్ట పోసినా అదే లెక్క, ఘనపు మీటరు 1.8 టన్నులు, మూడు మీటర్లు పోయకముందే కట్ట తనంతట తనే జారిపోతుంది.

ఇక్కడ రెండు దారులు. రాతి స్తంభాలు దించడం, లేదా పీవీడీలు గుచ్చి, పైన మట్టి బరువు పెట్టి, నీరు పిండేయడం. పీవీడీ అంటే నాలుగు వేళ్ళ వెడల్పు ప్లాస్టిక్ పట్టీ, చుట్టూ ఫిల్టరు గుడ్డ. బంకమట్టిలో నీరు బయటికి రావడానికి దగ్గరి దారి. మాకు టైము ఉంది, సరుకు తయారవడానికే రెండేళ్ళు పడుతుంది. కాబట్టి పీవీడీలు తీసుకున్నాం, మీటరుకి ఒకటి చొప్పున.

మట్టిని మెట్లు మెట్లుగా పోయాలి. మొదటి మెట్టు 2 మీటర్లు, అంటే 3.6 టన్నుల బరువు. సుమారు మూడు నెలలు ఆగితే నీరు చాలావరకు పోతుంది, బంకమట్టి బిగుస్తుంది. ఎంత బిగుస్తుందంటే, పెట్టిన బరువులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ కోత బలంగా మారుతుంది. ఒక టన్ను ఉన్నది 1.8 అయింది. ఇప్పుడు అది 9 టన్నులు మోస్తుంది, కాబట్టి 4 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. మళ్ళీ మూడు నెలలు. బలం 2.6. అప్పుడు దాదాపు 6 మీటర్లు. ఇలా ఎక్కించుకుంటూ పోతే చివర్లో ఆ నేల ట్రైలరు బరువు కంటే ఎక్కువే ముందుగా మోసి చూసిన నేల అవుతుంది. అప్పుడు అదనపు మట్టి తీసేసి 3.9కి చదును చేస్తాం. మొత్తం మీద నేల మీటరు పైగా దిగింది. ఆ మీటరు ట్రైలరు కింద దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

రెండో మెట్టు పోస్తున్నప్పుడు సముద్రం వైపు అంచున సన్నటి పగులు కనిపించింది, మనిషి నడక పొడవునా, ఒడ్డుకి సమాంతరంగా. పియజోమీటర్లలో (మట్టి లోపలి నీటి ఒత్తిడి కొలిచేవి) ఒత్తిడి తగ్గాల్సింది పోయి అలాగే నిలబడింది, ఇంక్లినోమీటరు (నేల పక్కకి జరగడం కొలిచే గొట్టం) రోజురోజుకీ సముద్రం వైపు వంగుతోంది. లారీలు ఆపేశాం. అంచున ఉన్న మట్టి వెనక్కి లాగి, కట్ట అడుగు అంచున రాతి బెర్ము (ఆనుగా వేసే చిన్న గట్టు) వేశాం. ఆ తర్వాతే మళ్ళీ మొదలుపెట్టాం. లారీల కాంట్రాక్టరుకి కోపం వచ్చింది, మామూలే. ఈ రీడింగులు వారానికోసారి తీస్తే చాలని స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. మట్టి పోసే రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయాలి, అదీ ఆ సాయంత్రమే గ్రాఫు గీసి చూడాలి. నెలాఖరు రిపోర్టులో గ్రాఫు చూసి పగుళ్ళు ఆపినవాళ్ళు ఎవరూ లేరు.

అసలు పోట్లాట ఇక్కడొచ్చింది. షెడ్యూలు తగ్గించడానికి, వెనకాల మట్టి పోస్తూనే ముందు పైళ్ళు కూడా వేసేయమన్నారు. బార్ చార్టులో రెండు గీతలు పక్కపక్కనే పెడితే ఆర్నెల్లు మిగులుతుంది, నిజమే. కానీ మెత్తటి బంకమట్టి మీద బరువు పెడితే అది కిందికే కాదు, పక్కకి కూడా నడుస్తుంది, నడుస్తూ దారిలో ఉన్న పైళ్ళని నెడుతుంది. పైన ఏ బరువూ పడకముందే పైలు నడుం దగ్గర వంగి ఉంటుంది, పైకి కనిపించదు. తీరప్రాంత పనుల్లో ఇది కొత్త జబ్బు కాదు. ముందు మట్టి, అది దిగడం ఆగాకే పైళ్ళు, ఈ ఒక్క విషయంలో రాజీ లేదని రాసిచ్చాం. ఇంక్లినోమీటరు గ్రాఫే మాకు సాక్ష్యం: పైళ్ళు రావాల్సిన చోట బంకమట్టి అప్పటికే అరచేతి వెడల్పు పక్కకి జరిగి ఉంది. దాన్ని చూపించాక ఎవరూ మారుమాట్లాడలేదు.

పైళ్ళు, కాంక్రీటు

మీటరు వ్యాసం బోర్డ్ పైళ్ళు (బోరు తవ్వి అందులో కాంక్రీటు పోసేవి), 24. డేటం కింద 30 మీటర్ల దాకా, గట్టి ఇసకలోకి. పై భాగానికి పర్మనెంట్ లైనరు (తీయకుండా వదిలేసే ఉక్కు తొడుగు). పాంటూన్ (తేలే తెప్ప) మీద బోరు తవ్వే రిగ్గు పెడదామంటే పాటుకి అది బురదలో కూర్చుంటుంది, కాబట్టి ఒడ్డు నుంచే తాత్కాలిక గ్యాంట్రీ (పని చేయడానికి నీళ్ళ మీదుగా వేసే ఉక్కు మంచె) వేసుకుంటూ ముందుకెళ్ళాం.

ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మొదటి పైళ్ళలో ఒకదానికి బోరు తవ్వుతుంటే అంచులు కూలుతున్నాయి. బెంటనైట్ (బోరు గోడలు కూలకుండా నింపే మట్టి ద్రవం) ట్యాంకు దగ్గరికి వెళ్ళి మగ్గుతో ముంచి చూస్తే ద్రవం విరిగిన పాలలా ఉంది, తెట్టు ఒకచోట, నీళ్ళు ఒకచోట. మంచినీళ్ళ ట్యాంకరు రాలేదని సబ్ కాంట్రాక్టరు మనుషులు పక్కనే ఉన్న బోరు నీళ్ళతో కలిపేశారు. ఒడ్డున బోరు నీళ్ళు ఉప్పే కదా. బెంటనైట్ ఉప్పునీళ్ళలో ఉబ్బదు, ముద్దకడుతుంది, గోడని పట్టుకునే పొర ఏర్పడదు. కూలిన ఆ పైలు గోతిని ఇసకతో పూడ్చి, లైనరు ఇంకా కిందికి దించి, మళ్ళీ తవ్వాం. ఆ రోజు నుంచి ట్యాంకరు నీళ్ళకి కూడా ఉప్పు పరీక్ష చేశాకే ట్యాంకులోకి వదలనిచ్చాం. కాంక్రీటు నీళ్ళకీ అదే కిట్టు. ఆర్‌సీసీకి లీటరులో 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. కాకినాడ ఒడ్డున చేతికి దొరికే నీళ్ళు ఏవీ ఆ లోపు ఉండవు.

కాంక్రీటు ఎం40, స్లాగ్ సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.40, కవరు (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం) 75 మిల్లీమీటర్లు. కోడ్ పుస్తకంలో ఉన్నదే, దాచేదేమీ లేదు. ఈ కవరు దగ్గరే అందరూ కక్కుర్తి పడతారు. పోటుకి తడిసి పాటుకి ఆరే చోటే ఇనుము ముందు తింటుంది, డెక్కు బీముల అడుగు సరిగ్గా అక్కడే ఉంటుంది. సెంట్రింగ్ మేస్త్రీ కవరు బ్లాకులు సైట్లోనే సిమెంటు ముద్దతో చేయిస్తానంటే ఒప్పుకోలేదు. ఆ ముద్ద బలహీనంగా ఉంటే ఉప్పు దాని గుండానే లోపలికి దారి చేసుకుంటుంది. డెక్కుతో సమానమైన కాంక్రీటుతో పోతపోసి, నీళ్ళలో నానబెట్టినవే వాడించాం. డెక్కు కాంక్రీటు మే నెలలో పడింది, ఎండ సంగతి తెలిసిందే, పోతలన్నీ రాత్రిపూటే, ఐస్ కలిపి.

ఆ నెలలు ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఎదురుగా పడవల రాకపోకలు ఉండవు, క్రేన్ బూమ్ కింద నుంచి ఎవరైనా వెళ్తారేమోనన్న టెన్షన్ ఉండదు. మిగతా కాలంలో మత్స్యకారుల పడవలకి దక్షిణం పక్క దారి వదిలేశాం, రాత్రుళ్ళు గ్యాంట్రీ చివర దీపం ఎప్పుడూ వెలిగేలా చూశాం. వలలు ఆరబెట్టుకునే ఇసక జాగా మా ఫెన్సింగులోకి వచ్చిందని పెద్దలు వచ్చి చెబితే ఫెన్సింగే వెనక్కి జరిపాం. ఆ ఒడ్డు మీద వాళ్ళు మనకంటే ముందు నుంచీ ఉన్నారు.

దించిన రోజు

గుంట తవ్వకం ఆఖరికి పెట్టుకున్నాం, ముందే తవ్వితే వానాకాలంలో ఒండ్రు వచ్చి నింపేస్తుంది. నవంబరు వాయుగుండాలు పోయాక తవ్వి, బార్జి రావడానికి ముందు మళ్ళీ లోతులు కొలిచాం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన, వాతావరణ శాఖ బులెటిన్ రెండూ చూసుకుని, గాలి తక్కువున్న రోజు ఎంచుకున్నాం.

బార్జి ఒడ్డుకి ఆనించడమే అన్నిటికంటే ప్రమాదకరమైన ఘడియ. 2023 సెప్టెంబరులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రానికి స్టీమ్ జనరేటర్లు తెస్తున్న బార్జికి లాగే తాడు తెగి, జెట్టీకి కొద్ది దూరంలో బండల మీద చిక్కుకుంది. లాగి చూసినా కదలక చివరికి సముద్రంలోకి తాత్కాలికంగా దారి వేసి సరుకు దించాల్సి వచ్చింది. ఒక్కో జనరేటరు 300 టన్నుల పైనే. ఆ వార్త మా మీటింగు గది గోడ మీద అంటించి ఉండేది. అందుకే రెండో టగ్గు (బార్జిని లాగే పడవ) ఖర్చు ఎందుకని ఎవరూ అడగలేదు. ఒడ్డున వించి (తాడు చుట్టి లాగే యంత్రం) తాళ్ళు కూడా విడిగా, బార్జి తాళ్ళతో సంబంధం లేకుండా పెట్టాం.

ఇక బలాస్ట్ లెక్క, చాలామందికి గందరగోళం ఇక్కడే. ఈ కొలతల బార్జి ఒక్క సెంటీమీటరు మునగాలంటే సుమారు 20 టన్నులు కావాలి. మామూలుగా చూస్తే 525 టన్నులు దిగితే 26 సెంటీమీటర్లు లేస్తుంది, అంతేగా అనిపిస్తుంది. కాదు. బరువు చివరి నుంచి దిగుతుంది. ట్రైలరు రెండు వరసల వెడల్పు, ఒక అడ్డ వరస అంటే రెండు ఇరుసులు, 44 టన్నులు. ఆ 44 టన్నులు బార్జి అంచు దాటి ర్యాంపు మీదికి వెళ్ళిన క్షణం ఆ అంచు దాదాపు 9 సెంటీమీటర్లు లేస్తుంది. ఉక్కు పలకలకి మేం పెట్టుకున్న హద్దు 15. అంటే రెండు వరసలు వరసగా పోనిస్తే హద్దు దాటిపోయినట్టే. ఒక వరస దిగాలి, ఆగాలి, ఆ చివరి ట్యాంకుల్లోకి దాదాపు అంతే బరువు నీళ్ళు ఎక్కాలి, మట్టం చూడాలి, మళ్ళీ కదలాలి. పంపులు గంటకి 1000 టన్నులవి పెట్టాం, వరసకి మూడు నిమిషాలు పడుతుంది. ఒకటి ఆగిపోయినా పని నడవాలని అదనంగా ఇంకో పంపు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది రెండో వాదన. పోటు ఎక్కుతుండగా మొదలుపెడితే ఏదైనా తేడా వచ్చినా నీరు పెరుగుతూ ఉంటుంది, బార్జి అడుగు తాకదు, అది క్షేమం అని ఒక పక్షం. కానీ దించేటప్పుడు బార్జి ఎలాగూ లేస్తూ ఉంటుంది, పోటు కూడా లేపితే పంపులు రెండింటితో పోరాడాలి. పోటు పూర్తయి, పాటు తిరిగిన వెంటనే మొదలుపెడితే నీరు దిగుతూ మనకి సాయపడుతుంది. పది సెంటీమీటర్ల పాటు అంటే 200 టన్నుల నీళ్ళు మన పంపు లేకుండా ఎక్కించినట్టు. పాటు మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతే దిగుతుంది, రెండో గంటలో రెండు వంతులు, ఆ తర్వాత రెండు గంటలూ మూడేసి. కాబట్టి మొదటి రెండు గంటల్లో పని పూర్తవ్వాలి, మూడో గంటలోకి వెళ్తే నీరు పంపుల కంటే ముందుకి పరిగెడుతుంది. గుంటలో అర మీటరు ఖాళీ ముందే పెట్టుకున్నాం కాబట్టి పాటుకి అడుగు తాకే భయం లేదు. పాటే ఎంచుకున్నాం.

పొద్దున్నే పోటు నిండింది. సారంగు బాబాయ్ బార్జి మూల నిలబడి మోకుల బిగువు చూస్తూ ఉన్నారు. నేను ర్యాంపు అంచున, బార్జి డెక్కుకీ కాంక్రీటుకీ మధ్య పెట్టిన స్కేలు దగ్గర. మొదటి వరస చక్రాలు పలక ఎక్కాయి, పలక చప్పుడు చేసింది, స్కేలు కాస్త దిగింది. చక్రాలు కాంక్రీటు తాకాయి, స్కేలు పైకి నడిచింది: నాలుగు, ఆరు, ఎనిమిది. రేడియోలో "ఆగండి" అని చెప్పాను. పంపులు అందుకున్నాయి, స్కేలు వెనక్కి వచ్చింది. లెక్కకి వాస్తవం సెంటీమీటరు తేడాలో ఉంది. నాలుగో వరస నుంచి ట్రైలరు ఆపరేటరు నా మాట కోసం చూడకుండానే సరైన చోట ఆగడం మొదలుపెట్టాడు. ఏడో వరస దగ్గర ఒక పంపు గాలి పీల్చి ఆగింది, అదనపుది ఆన్ చేశారు, పని ఆగలేదు. ఆఖరి వరస దిగేసరికి రెండో గంట ఇంకా పూర్తి కాలేదు.

నేను చూడాలనుకున్నది తర్వాతి 20 మీటర్లు. పైళ్ళ డెక్కు కదలదు, దాని వెనక నేల కాస్తయినా దిగుతుంది. ఆ అతుకు దగ్గర మెట్టు రాకుండా ఒక వైపు డెక్కు మీద, ఇంకో వైపు నేల మీద ఆనుకునే అప్రోచ్ స్లాబు వేశాం. ట్రైలరు దాటాక లెవెల్ పెట్టి చూస్తే స్లాబు నేల చివర 6 మిల్లీమీటర్లు దిగింది, ట్రైలరు వెళ్ళిపోయాక అందులో సగం పైకి వచ్చేసింది.

ఇప్పుడు

ర్యాంపు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. గుంటలో ఒండ్రు చేరుతూనే ఉంది, మొదటి వానాకాలం తర్వాత కొలిస్తే డెక్కు మూల దగ్గర అర మీటరు పైనే ఉంది. తిప్పిన దిశ వల్ల దక్షిణం మూలలో నీరు కాస్త నిలబడుతోంది, మేట అక్కడే ఎక్కువ. అది ముందే ఊహించిందే, బార్జి వచ్చే ప్రతిసారీ ముందు తవ్వాల్సిందే, ఆ ఖర్చు ప్రతి సరుకు బడ్జెట్లోనూ విడిగా రాయమని చెప్పాం. ఉత్తరం పక్క తీరం గీతని ఏటా రెండుసార్లు, వానాకాలానికి ముందూ వెనకా, కొలుస్తున్నారు. ఇప్పటికి కోత కొత్తగా కనిపించలేదు, కానీ రెండు మూడేళ్ళ కొలతతో తీర్పు చెప్పే విషయం కాదది, కొలుస్తూనే ఉండాలి. లైనర్ల మీద కోల్‌తార్ ఎపాక్సీ పొర అలలు కొట్టుకునే చోట అక్కడక్కడా రేగింది, వచ్చే వేట నిషేధం రోజుల్లో గోకి మళ్ళీ పూయాలి. రెండో పాత్ర వచ్చే ఏడాది మార్చిలో అంటున్నారు. టైడ్ గేజి రికార్డు తీసి చూశాను, ఆ నెల పగటి పోట్లలో 1.0 దాటేవి కొద్ది రోజులే. ఆ తేదీల పట్టిక బార్జి వాళ్ళకి ఇప్పుడే పంపించేశాం.